జవాబులు రాసిన చేత్తో ఒక ప్రశ్న

మే నెల మొదటి ఆదివారం పొద్దున్నే చేపల కోసం చెన్నైలోని కాశిమేడు రేవుకు వెళ్లాను. వేట నిషేధం రోజులు కావడంతో మరబోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని కట్టి ఉన్నాయి, చిన్న ఫైబర్ పడవలు తెచ్చిన కాస్త సరుకు చుట్టూ జనం మూగి ఉన్నారు. వంజరం ధర అడిగి, విననట్టే పక్కకు తప్పుకుని, అరకిలో నెత్తళ్లు కొనుక్కున్నాను. గట్టు మీద వల ముందేసుకుని కూర్చున్న ఒక మనిషి నన్ను చూసి లేచి వచ్చాడు. సూళ్లూరుపేట అవతల సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె అతనిది. పదిహేనేళ్లుగా ఇక్కడ ఒక మరబోటు మీద కళాసీగా చేస్తున్నాడు. తండయార్‌పేట నుంచి వచ్చే తెలుగు పెద్దాయన అని నా మీద అతనికి కొంత చనువు.

"సార్, మీరు సెంట్రల్ గవర్నమెంటులో చేశారు గదా. ఈ నిషేధం డబ్బులు మేం ఏ ఊళ్లో అడగాల?" అన్నాడు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, మరబోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. ఆ కాలానికి తమిళనాడు ప్రభుత్వం మత్స్యకార కుటుంబానికి 8,000 రూపాయలు ఇస్తున్నది. ఆంధ్రప్రదేశ్ ఇచ్చే భృతి 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలకు పెరిగింది. అతను చెప్పినదాని ప్రకారం, పని చేసే బోటు చెన్నైది కాబట్టి సొంత ఊళ్లో అతని పేరు ఎక్కలేదు, ఉండే ఇల్లు ఆంధ్రాలో ఉంది కాబట్టి చెన్నైలోనూ ఎక్కలేదు. కుటుంబాన్ని ఇక్కడికి తెచ్చుకుని ఉంటే ఈ చిక్కు ఉండేది కాదు గదా అని అడిగాను. కూతురి చదువు కోసమే తేలేదట. పల్లెలో తెలుగులో చదువుతున్న పిల్ల ఇక్కడి బడిలో మధ్యలో చేరి తమిళం పరీక్ష రాయగలదా అని భయపడి, తల్లిని, బిడ్డను అక్కడే ఉంచాడు.

ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. అతని కష్టం ఒక్కటే. కానీ ఢిల్లీలో అది విద్యాశాఖ, కార్మిక ఉపాధి శాఖ, మత్స్యశాఖ అనే మూడు వేర్వేరు తలుపుల వెనక మూడు ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కలు నాకు తెలుసు, ఎందుకంటే ఉద్యోగంలో ఉన్న కాలమంతా నేను చేసిన పనుల్లో ఒకటి మంత్రులు చదివే జవాబులకు సమాచారం తయారుచేసి పంపడం.

చెన్నైలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో మా సెక్షనుకు ఢిల్లీ నుంచి పార్లమెంటు ప్రశ్న వచ్చిందంటే మిగతా పనులన్నీ ఆగేవి. సభ్యుడు పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలన్నది నియమమే గాని, అది మంత్రిత్వ శాఖకు, అక్కడినుంచి మా పైకార్యాలయానికి, అక్కడినుంచి మాకు చేరేసరికి చేతిలో మిగిలేది ఒక సాయంత్రం. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు ఉంటాయి. మొదటి రకానికి మంత్రి నిలబడి నోటితో జవాబు చెప్పాలి, ఆపైన సభ్యులు అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. రెండో రకానికి కాగితం మీద జవాబు వస్తుంది, అంతటితో సరి. నక్షత్రం ఉన్న ప్రశ్నకు మేము జవాబుతో పాటు, అనుబంధంగా ఏమేమి అడగవచ్చునో ఊహించి పేజీలకు పేజీలు నోట్ తయారు చేసేవాళ్లం. అసలు జవాబు పది వాక్యాలుంటే ఆ నోట్ నలభై పేజీలు ఉండేది. అందులో ఉన్న నిజం జవాబులో ఉండేది కాదు. అడిగితే చెప్పాలి, అడగకపోతే చెప్పనక్కరలేదు అనేదే మాకు నేర్పిన పద్ధతి. అబద్ధం ఎప్పుడూ రాయలేదని మాత్రం గట్టిగా చెప్పగలను. సభలో తప్పు చెప్పడం ఎంత పెద్ద నేరమో మా పెద్దగుమాస్తా మొదటి వారంలోనే నా మెదడుకు ఎక్కించాడు.

తప్పు చెప్పకుండా తప్పించుకోవడం వేరే విద్య. ప్రశ్న సాధారణంగా అ, ఆ, ఇ, ఈ అని నాలుగైదు భాగాలుగా ఉంటుంది. "ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, వస్తే వివరాలు ఏమిటి, తీసుకున్న చర్యలు ఏమిటి, తీసుకోకపోతే కారణాలు ఏమిటి" అన్నది ప్రతి సభ్యుడికీ అలవాటైన వరస. మొదటి భాగానికి "లేదండి" అని రాస్తే మిగిలినవాటికి "ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ఒక్క ముక్కతో ముగించవచ్చు. అది కుదరనప్పుడు "అ నుంచి ఈ వరకు" అని నాలుగు భాగాలనూ ఒకే మూట కట్టి, పథకాల పేర్లతో రెండు పేరాలు రాస్తే, నాలుగింటిలో దేనికి జవాబు వచ్చిందో, దేనికి రాలేదో వెతుక్కోవలసిన బాధ చదివేవాడిదవుతుంది. ఇప్పటికీ వార్తల్లో ఒక జవాబు చూస్తే నేను ముందుగా చూసేది భాగాలు కలిపారా విడదీశారా అన్నదే. ఉద్యోగాల ఖాళీల గురించి అడిగితే "ఖాళీలు ఏర్పడటం, భర్తీ కావడం నిరంతర ప్రక్రియ" అనే వాక్యం మా సెక్షనులో ఎన్నిసార్లు టైపు అయిందో లెక్కలేదు. "సమాచారం సేకరించి సభా సమక్షంలో ఉంచుతాము" అన్నది మాత్రం జాగ్రత్తగా వాడేవాళ్లం, ఎందుకంటే అది హామీ కింద లెక్క. మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే లోక్‌సభలో 1953 నుంచి ఉన్న ప్రభుత్వ హామీల కమిటీ వెంటపడుతుంది.

కాశిమేడు మనిషి కూతురి విషయం విద్యామంత్రిని అడిగితే ఏమి వస్తుందో నేను ఇక్కడ కూర్చునే రాయగలను. "విద్య ఉమ్మడి జాబితాలోని అంశం. అత్యధిక పాఠశాలలు రాష్ట్ర ప్రభుత్వాల పరిధిలో ఉన్నాయి." ఇందులో అబద్ధం లేదు. 1976లో 42వ సవరణ విద్యను రాష్ట్ర జాబితా నుంచి ఉమ్మడి జాబితాకు మార్చింది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో బోధన ఏర్పాటు చేయాలని 350ఎ అధికరణం 1956 నుంచి చెబుతున్నది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి ఏడాదికొక తరగతి చొప్పున తప్పనిసరి చేస్తూ పోయి 2015-16లో పదో తరగతికి చేరుకుంది. ఆ తరవాత తెలుగు, ఉర్దూ, కన్నడ పిల్లలు మినహాయింపు కోసం కోర్టుల చుట్టూ తిరగవలసి వచ్చింది. ఇన్ని నిజాలు ఉన్నా "రాష్ట్ర పరిధి" అన్న రెండు మాటలతో కేంద్రం తలుపు మూసుకుంటుంది. సభలో చప్పుడు ఎక్కువైతే అసలు లెక్క ఎలా మరుగున పడుతుందో 2025 మార్చి 10న చూశాం. బడులకు కేంద్రం సాయం ఇచ్చే సమగ్ర శిక్ష పథకం కింద తమకు రావలసిన సుమారు 2,152 కోట్ల రూపాయలు ఆపారన్నది తమిళనాడు ఫిర్యాదు. ఆ రోజు ప్రశ్నోత్తరాల సమయంలో పీఎంశ్రీ అనే మరో కేంద్ర పథకపు పాఠశాలల మీద జవాబు చెబుతూ కేంద్ర విద్యామంత్రి ధర్మేంద్ర ప్రధాన్ వాడిన ఒక మాట మీద డీఎంకే సభ్యులు లేచారు, సభ వాయిదా పడింది, ఆయన ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. మర్నాడు మా వీధి టీకొట్టులో అందరూ ఆ మాట గురించే మాట్లాడారు, డబ్బు గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఉపాధి మంత్రి జవాబు ఇంకా నున్నగా ఉంటుంది, ఎందుకంటే అందులో అంకెలుంటాయి. ఉపాధి, నిరుద్యోగం లెక్కగట్టడానికి 2017-18 నుంచి జరుగుతున్న ఆవర్తన శ్రామిక సర్వేలో వారం లెక్క ప్రకారం, ఆ ఏడు రోజుల్లో ఒక్క రోజు ఒక్క గంట పని చేసినా ఆ మనిషి పనిలో ఉన్నట్టే. ఏడాది లెక్కలో చూస్తే, ఏడాదిలో ఎక్కువ కాలం వేటకు వెళ్లే కళాసీ నిషేధం రోజుల్లో ఖాళీగా ఉన్నా ఉపాధి ఉన్నవాడే. గట్టు మీద కూర్చుని గంటసేపు కూలికి వల బాగుచేస్తే వారం లెక్కలోనూ అంతే. ఉద్యోగుల భవిష్యనిధి (పీఎఫ్) సంస్థలో కొత్తగా చేరినవారి సంఖ్యను ఉద్యోగాల పెరుగుదలగా చూపించడం 2018 తరవాత జవాబుల్లో అలవాటైంది. బోటు మీద వాటా కూలికి పోయే మనిషికి ఆ సంఖ్యలో చోటే లేదు. ఆ నిర్వచనాలు అంతర్జాతీయంగా వాడేవే, వాటిని నేను తప్పు పట్టడం లేదు. సభ్యుడు "నిరుద్యోగం ఎంత" అని అడిగితే వచ్చేది శాతం. "61 రోజులు పని ఆగినవారు ఏ వరుసలో లెక్కకు వచ్చారు" అని అడిగితే గదా శాఖ తల గోక్కునేది.

మత్స్యశాఖ దగ్గర నేను కొంచెం ఆగాలి. 2019లో చేపలకు కేంద్రంలో ప్రత్యేక శాఖ ఏర్పడింది. 2020లో 20,050 కోట్ల రూపాయల ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన వచ్చింది. ఏ ప్రశ్నకైనా ఈ రెండూ జవాబు మొదటి పేరాలో ఉంటాయి. అదే పథకంలో వేట లేని నెలలకు కూడా ఒక సాయం ఉంది. మత్స్యకారుడు 1,500 రూపాయలు దాచుకుంటే, ప్రభుత్వాలు 3,000 కలిపి, మొత్తం 4,500 రూపాయలను మూడు నెలల్లో తిరిగి ఇస్తాయి. రాజ్యాంగం ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు వేట రాష్ట్రాల విషయం, ఆ పైన కేంద్రానిది. అందుకే వేట నిషేధానికి ప్రతి ఏడూ రెండు రకాల ఉత్తర్వులు వస్తాయి. లోపలి నీళ్లకు తమిళనాడు 1983 చట్టం, ఆంధ్రా 1994 చట్టం కింద రాష్ట్రాలు ఇస్తాయి, బయటి నీళ్లకు కేంద్రం ఇస్తుంది. నిషేధం ఒకే తేదీన మొదలై ఒకే తేదీన ముగుస్తుంది. భృతి మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. చేపకు సరిహద్దు లేదని ఒప్పుకుని తేదీలు కలిపినవాళ్లు, దాన్ని పట్టే మనిషి కూడా సరిహద్దు దాటతాడని ఎందుకు ఒప్పుకోరో నాకు అర్థం కాలేదు.

మంత్రులను తిట్టడం తేలిక. నా అనుభవంలో తప్పించుకునే జవాబుకు సగం కారణం వదులుగా వేసిన ప్రశ్న. ఈ దేశపు శాసనసభలో మొదటి ప్రశ్న 1893 ఫిబ్రవరి 16న భింగా రాజా అడిగారు. పర్యటనకు వచ్చిన అధికారులకు సరుకులు సమకూర్చవలసి రావడంతో పల్లెల్లోని అంగళ్లవాళ్లు పడుతున్న కష్టం గురించి. అంతకుముందు ఏడాది చట్టం ప్రశ్న అడిగే హక్కు ఇచ్చింది గాని అనుబంధ ప్రశ్నకు అవకాశం ఇవ్వలేదు, అది 1909లో గాని రాలేదు. ఆ అనుబంధ ప్రశ్న విలువ ఏమిటో మద్రాసువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. జీవిత బీమా సంస్థ వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాల్లో పెట్టిన 1.24 కోట్ల రూపాయల మీద 1957లో సభలో మొదలైన ప్రశ్నలను ఎంపీ ఫిరోజ్ గాంధీ వదలకుండా పట్టుకోబట్టే న్యాయమూర్తి ఛాగ్లా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో మన ఊరి టి.టి. కృష్ణమాచారి ఆర్థికమంత్రి పదవి వదులుకోవలసి వచ్చింది.

అందుకని ఆ రాత్రి నెత్తళ్ల పులుసు తిన్నాక కూర్చుని ఒక ప్రశ్న రాశాను. 150 మాటలు దాటకూడదు. రాష్ట్రానిదే అనిపించే విషయం ఉంటే మొదట్లోనే తిరగ్గొడతారు, కాబట్టి 12 మైళ్ల అవతల కేంద్రం విధించే నిషేధం నుంచే మొదలుపెట్టాను. అ: తూర్పు తీరంలో సొంత రాష్ట్రంలో కాక మరో రాష్ట్రంలో నమోదైన మరబోట్ల మీద పనిచేసే మత్స్యకారుల సంఖ్య ప్రభుత్వం దగ్గర ఉన్నదా. ఆ: ఉంటే, రాష్ట్రాలవారీగా ఎంత. ఇ: లేకపోతే, దాన్ని సేకరించే బాధ్యత ఏ శాఖది, ఏ తేదీలోగా. ఈ: నిషేధ కాలపు సాయం ఈ మత్స్యకారులకు ఏ రాష్ట్రం ద్వారా అందుతున్నది. "లేదు" అంటే ఉత్పన్నం కాకుండా పోకూడదనే ఇ పెట్టాను. నలభై ఏళ్ల కిందట నాలాంటి గుమాస్తా ఒకడు ఆ కాగితం చూస్తే మనసులో నన్ను తిట్టుకుని ఉండేవాడు.

నక్షత్రం పెట్టమని అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. ఉన్న 20లో రోజుకు నోటితో జవాబు వచ్చేవి నాలుగైదుకు మించవు, మిగిలినవి కాగితమే. అంకె కాగితం మీద ఉంటే చాలు అనుకుని వద్దని రాసి, మా ఎంపీ కార్యాలయానికి తమిళ అనువాదంతో సహా పంపించాను.

తరవాతి ఆదివారం ఆ మనిషికి సంగతి చెప్పాను. జవాబు ఎప్పుడు వస్తుందని అడిగాడు. అప్పుడు గాని నాకు తేదీలు తట్టలేదు. బడ్జెట్ సమావేశాలు 2022లో ఏప్రిల్ 7న, 2023లో ఏప్రిల్ 6న, 2025లో ఏప్రిల్ 4న ముగిశాయి. వర్షాకాల సమావేశాలు ఆ మూడేళ్లూ జూలై 18, 20, 21 తేదీల్లో మొదలయ్యాయి. ఏప్రిల్ 15కీ జూన్ 14కీ మధ్య ఆ మూడేళ్లలో పార్లమెంటు ఒక్కరోజు కూడా కూర్చోలేదు.

"జూలైలో, నాయనా" అన్నాను.

"అప్పటికి మేం లోపల ఉంటాం సార్. కాగితం వస్తే మీ దగ్గిరే ఉంచండి, రేవుకొచ్చినప్పుడు చూస్తా" అని మళ్లీ వల దగ్గర కూర్చున్నాడు.