రమ్మని పిలిచేవాళ్లుండగా

"యెహోవా మందిరమునకు వెళ్లుదమని జనులు నాతో అనినప్పుడు నేను సంతోషించితిని." 122వ కీర్తన మొదటి వచనం. మన చర్చిల్లో ఈ మాట గోడమీద రాయనిది తక్కువే. రాసి ఉంది కాబట్టే ఎవరూ చదవరు.

మా చెల్లెలి కూతురు టెక్సాస్‌లోని వేకోలో, బేలర్ యూనివర్సిటీలో డిగ్రీ చదువుతోంది. 1845లో, టెక్సాస్ ఇంకా విడి దేశంగా ఉన్నప్పుడు, బాప్టిస్టు సంఘంవాళ్లు పెట్టిన విద్యాలయం అది. 1996 దాకా క్యాంపస్‌లో డాన్సు నిషేధం. (ఈ సంగతి చెబితే మా సంఘ పెద్ద ఒకాయన "మళ్లీ ఎందుకు ఎత్తేశారూ?" అని బాధపడ్డారు.) అక్కడ డిగ్రీ చేతికి రావాలంటే చాపెల్‌కి, అంటే క్యాంపస్‌లో జరిగే ఆరాధనకి, రెండు సెమిస్టర్లు హాజరు కావాలి. మొన్న ఫోన్‌లో పిల్ల నన్ను నిలదీసింది. "మామయ్యా, విశ్వాసంలో బలవంతం కూడదని, పసిపిల్లలకి బాప్తిస్మం వద్దని పోట్లాడింది మన బాప్టిస్టులే కదా? మరి ఆరాధనకి అటెండెన్స్ ఏంటి?"

ప్రశ్న న్యాయమైనదే. నేను దాన్ని కొట్టిపారేయలేదు. కానీ ఆ 122వ కీర్తన రాసిన దావీదు దగ్గరికి వెళ్లి చూడమన్నాను.

ఇది యాత్రకీర్తన, పండుగలకి యెరూషలేముకి నడిచి వెళ్తూ పాడుకున్నది. ఆ యాత్ర ఇష్టమైతే వెళ్లేది, లేకపోతే మానేసేది కాదు. పొంగని రొట్టెల పండుగకీ, వారముల పండుగకీ, పర్ణశాలల పండుగకీ ఏటా మూడుసార్లు మగవాళ్లంతా దేవుని సన్నిధికి రావాలని, వట్టి చేతులతో రాకూడదని ద్వితీయోపదేశకాండం 16లో ఆజ్ఞ. అంటే తప్పనిసరి హాజరే! ఆ తప్పనిసరి ప్రయాణానికే ఆయన "సంతోషించితిని" అంటున్నాడు. ఆజ్ఞ ఉన్నచోట ఆనందం ఉండదని మనకెవరు నేర్పారో గానీ, కీర్తనకారుడికి మాత్రం నేర్పలేదు.

ఇంకోటి చూడండి. మందిరంలో కూర్చున్నాక, పాట విన్నాక, ప్రసంగం బాగున్నాక సంతోషించాననలేదు. ఇంకా గడప కూడా దాటలేదు. ఎవరో వచ్చి "పదండి, వెళ్దాం" అన్నారు, అంతే. తననీ లెక్కలోకి తీసుకున్నారు, తనని వదిలేసి వెళ్లిపోలేదు. ఆయన సంతోషమంతా అక్కడే ఉంది. నేను ఈ వచనం దగ్గర ఎన్నేళ్లుగానో ఆగిపోతున్నాను, ముందుకి కదలబుద్ధి కాదు.

ఎందుకంటే పిలుపు అందనివాళ్ల సంగతి మన ఇళ్లలో తెలుసు. అదే బేలర్‌లో నల్లజాతి విద్యార్థులను చేర్చుకోవచ్చని ట్రస్టీలు తీర్మానించింది 1963లో. మొదటి నల్లజాతి పట్టభద్రులు బయటికి వచ్చింది 1967లో. ఎవరి పేరు ఆ విద్యాలయానికి పెట్టారో ఆ జడ్జి బేలర్ స్వయంగా బానిసలను ఉంచుకున్నవాడు. నూరేళ్లకు పైగా ఆ చాపెల్‌లో ఈ కీర్తన చదివే ఉంటారు. అదే ఊళ్లో, అదే ప్రభువును నమ్మిన నల్లజాతి బాప్టిస్టుతో మాత్రం "వెళ్లుదము" అన్నవారు లేరు.

మన ఒంగోలు సంగతి వేరేనా? మాదిగలను చేర్చుకుంటే మేము రామని పైకులాలవాళ్లు తేల్చి చెప్పినప్పుడు, అమెరికా నుంచి వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు దొరికిందని మన పెద్దలు చెప్పగా వినని తెలుగు బాప్టిస్టు ఉండడు. మొదటి కొరింథీయులు, మొదటి అధ్యాయం: "సహోదరులారా, మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి." లోకం తక్కువగా చూసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని ఆ వెనకే ఉంటుంది. తోళ్ల వ్యాపారం చేసుకునే యర్రగుంట్ల పేరయ్య పల్లెపల్లెకీ నడిచి తనవాళ్లతో "వెళ్దాం రండి" అన్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో ఎంతమందిని అంతకుముందు ఏ గుడి మెట్లయినా ఎక్కనిచ్చారు? మా ముత్తాత తరం నుంచి ఈ కీర్తన పాడేటప్పుడు ముసలివాళ్ల గొంతు ఎందుకు పూడుకుపోతుందో ఇప్పుడు చెప్పనక్కర్లేదు.

పిల్లతో ఇదంతా అన్నాను. "అయినా అటెండెన్స్ అటెండెన్సే కదా మామయ్యా" అంది. సరే, ఒప్పుకున్నాను. హాజరు పట్టీ భక్తి పుట్టించదు. కానీ తలుపు తెరిచి, నీకోసం కుర్చీ వేసి, నువ్వు రాకపోతే రాలేదని గుర్తించే చోటు ఒకటుంటే దాన్ని భారమనకు తల్లీ.

అసలు నాకు కోపం పిల్లల మీద కాదు. "మావాడు క్రిస్టియన్ యూనివర్సిటీలో చదువుతున్నాడు" అని సంఘంలో సాక్ష్యం చెప్పి, వాడికి ఫోన్ చేస్తే జీపీఏ, ఇంటర్న్‌షిప్, వీసా తప్ప మరోమాట అడగని తల్లిదండ్రుల మీద. ప్రసంగం మధ్యలో బైబిలు యాప్ తెరిచినట్టు తెరిచి వాట్సాప్ చూసుకునే పెద్దల మీద. చాపెల్‌లో పిల్లలు ఫోన్లు చూస్తున్నారని మనమా అనేది?

డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో, హైదరాబాద్‌లో ఎక్కడున్నా సరే, ఈ వచనంలో "జనులు" అన్న చోట ఈసారి మీరు నిలబడండి. ఆదివారం మీ కారులో వెనక సీటు ఖాళీగానే వెళ్తోంది కదా. మీ అపార్ట్‌మెంట్లోకి కొత్తగా వచ్చిన ఆ ఎమ్మెస్ కుర్రాడిని పిలవండి. శనివారం రాత్రే చెప్పండి, పొద్దున తొమ్మిదింటికి చెబితే ఇంకా స్నానం కాలేదంటాడు.