చిన్న బడికి రెండో ఉపాధ్యాయుడు ఎందుకు కావాలి

ప్రాథమిక పాఠశాలలకు ఉపాధ్యాయులను కేటాయించే విషయంలో మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, ఏ ప్రభుత్వం వచ్చినా, మొదట చూసేది బడిలో ఉన్న పిల్లల సంఖ్యనే. ఉన్నత పాఠశాలకు ఈ లెక్క కొంతవరకు సరిపోతుంది. పదిహేను ఇరవై మంది పిల్లలతో నడిచే పల్లెటూరి బడికి మాత్రం ఇది తీరని అన్యాయం చేస్తోందని, ఎస్జీటీగా (ప్రాథమిక తరగతులకు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) అలాంటి బడిలో కొంతకాలం ఒంటరిగా పనిచేసిన నేను గట్టిగా నమ్ముతున్నాను.

కేంద్ర విద్యాశాఖ బడుల లెక్కలతో ఇచ్చే యూడైస్ ప్లస్ 2024-25 నివేదిక ప్రకారం దేశంలో పునాది దశలో (రెండో తరగతి వరకు) సగటున 10 మంది పిల్లలకు, ఆ పై దశలో (మూడు నుంచి ఐదు తరగతులు) 13 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉన్నారు. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఒక ఉపాధ్యాయునికి 30 మంది లోపు పిల్లలుంటే చాలన్నది కాబట్టి, కాగితం మీద మనం ఎప్పుడో గట్టెక్కినట్టే. కానీ అదే నివేదికలో దేశవ్యాప్తంగా 1,04,125 ఏకోపాధ్యాయ పాఠశాలలు, వాటిలో 33 లక్షలకు పైగా పిల్లలు కనిపిస్తారు. అందులో 12,912 బడులతో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానంలో ఉంది. తెలంగాణలో 5,001 ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లోని ఈ బడుల్లో సగటున 15 మంది చొప్పున చదువుతున్నారు. నిష్పత్తి పరంగా చూస్తే ఇంతకన్నా మంచి బడులు ఉండవు.

ఆ బడిలో జరిగేది చూడండి. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం. మూడు నుంచి ఐదు వరకు వీటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం 18 సబ్జెక్టులు, చెప్పేది ఒక్కరే. పొద్దున్నే యాప్‌లో హాజరు ఎక్కించి, భోజనానికి ఎందరున్నారో వంట చేసే అమ్మకు చెప్పి, పాఠం మొదలుపెట్టేసరికి మొదటి పీరియడ్‌లో సగం గడిచిపోతుంది. ఒకటో తరగతి పిల్లలకు అక్షరం దిద్దించాలంటే పక్కనే కూర్చుని వేలు పట్టుకోవాలి. ఆ సమయంలో ఐదో తరగతివారికి భాగహారం చెప్పేవారుండరు కాబట్టి వారికి చూచిరాత ఇస్తాం. మధ్యాహ్నం ఐదో తరగతి దగ్గర నిలబడితే, ఒకటో తరగతివారు పలకల మీద రాసిందే రాసి చెరిపేస్తూ ఉంటారు. స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) సమావేశమో, శిక్షణో, జ్వరమో వచ్చిన రోజున పక్క ఊరి నుంచి ఎవరినైనా సర్దుబాటు చేయాలి, లేదంటే బడికి తాళమే. బహుళ తరగతి బోధన మీద మాకు శిక్షణలు ఇచ్చారు, అవి కొంత ఉపయోగపడ్డాయి కూడా, కానీ ఐదు తరగతులను ఒక్కరే నడిపే పద్ధతిని ఏ శిక్షణా నేర్పలేదు.

ఒకే ఉపాధ్యాయుడున్న బడుల సమస్య 1980ల నాటికే ప్రభుత్వానికి తెలుసు. 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రధాన లక్ష్యాల్లో ఏకోపాధ్యాయ బడికి రెండో ఉపాధ్యాయుణ్ణి ఇవ్వడం ఒకటి. 2009 విద్యాహక్కు చట్టం దాన్నే షెడ్యూల్‌లోకి తెచ్చి, ఒకటి నుంచి ఐదు తరగతుల బడిలో 60 మంది వరకు పిల్లలుంటే ఇద్దరు ఉపాధ్యాయులుండాలని చెప్పింది. ఇరవై మందికి తగ్గితే ఒకరు చాలన్న మినహాయింపు అందులో లేదు. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం మించరాదని 26వ సెక్షన్ చెబుతోంది.

అయినా ఇద్దరున్న బడి ఒక్కరి బడిగా ఎలా మారుతోంది? ముందు పది మంది పిల్లలు ప్రైవేటు బడి వ్యాను ఎక్కుతారు. నమోదు తగ్గింది కనుక రేషనలైజేషన్‌లో (పిల్లల సంఖ్యను బట్టి పోస్టులను సర్దుబాటు చేసే ప్రక్రియలో) రెండో ఉపాధ్యాయుణ్ణి సర్‌ప్లస్ అని తేల్చి బదిలీ చేస్తారు. ఒక్కరే మిగిలారని తెలిసిన తల్లిదండ్రులు మరుసటి ఏడాది తమ పిల్లలనూ మాన్పిస్తారు. అప్పులు చేసి ఫీజులు కట్టే ఆ కూలి తల్లిదండ్రులను నేను ఏనాడూ తప్పుపట్టలేను. ఈ దారి ఎక్కడికి పోతుందో తెలంగాణ లెక్క చెబుతుంది: 2024-25లో ఒక్క విద్యార్థి కూడా లేని బడులు అక్కడ 2,245. ఆ వరుసలో పశ్చిమ బెంగాల్ తర్వాతి స్థానం తెలంగాణదే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన 117 జీవో మూడు, నాలుగు, ఐదు తరగతులను కిలోమీటరు లోపు ఉన్నత పాఠశాలల్లో కలిపింది. పెద్ద బడిలో సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్న వాదనలో నిజం లేకపోలేదు. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు రోజూ మెయిన్ రోడ్డు దాటాలా అని అడిగిన తల్లులకు సరైన జవాబు దొరకలేదు. ఒకటి, రెండు తరగతులతో మిగిలిన బడులు మరింత చిన్నవయ్యాయి. 2025లో ఆ జీవోను రద్దు చేసి, తరగతికో ఉపాధ్యాయుడు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు. నేను ఎన్నాళ్లుగానో కోరుకుంటున్నది ఇదే కనుక మనసారా స్వాగతిస్తున్నాను. అయితే పిల్లలు తక్కువున్న ఊళ్లకు ఆ భాగ్యం లేదు.

నియామకాలూ ఆలస్యంగానే జరుగుతున్నాయి. తెలంగాణలో 2017 టీఆర్‌టీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) తర్వాత 11,062 పోస్టుల డీఎస్సీ 2024లో గానీ రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో వచ్చింది. ఈ మధ్యకాలంలో పదవీ విరమణలు మాత్రం ప్రతి నెలా జరుగుతూనే ఉన్నాయి.

పదిహేను మంది పిల్లలకు ఇద్దరు ఉపాధ్యాయులంటే ఖజానాకు భారమని అధికారులు అంటారు. భారమే, కాదనను. కానీ ఆ పదిహేను మందిలో ఎక్కువ మంది వ్యాను ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు. ఐదు తరగతులూ నడిచే ఏ బడిలోనైనా, నమోదు ఎంతున్నా, ఇద్దరికి తగ్గకుండా పోస్టులు ఉంచాలి; నమోదు తగ్గిన ఏడాదే రెండో పోస్టు ఎత్తివేయకుండా కనీసం మూడేళ్లు గడువివ్వాలి; సెలవులో ఉన్నవారి స్థానంలో వెళ్లడానికి ప్రతి కాంప్లెక్స్‌కూ ఒక ఎస్జీటీని విడిగా కేటాయించాలి. వచ్చే రేషనలైజేషన్ ఉత్తర్వుల్లో మొదటిదాన్ని చేర్చడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు, ఉన్న షెడ్యూల్‌ను ఉన్నట్టు అమలు చేస్తే చాలు.