మంచినీళ్ల కేంద్రానికి రెండుసార్లు వెళ్లాం

మొదటిసారి వెళ్లొచ్చాక పిల్లల నోట్‌బుక్కులు తెరిస్తే అన్నీ బస్సు కబుర్లే. కిటికీ పక్కన ఎవరు కూర్చున్నారు, దారిలో ఎవరికి వాంతులయ్యాయి, ఏ పాట ఎన్నిసార్లు పాడారు. మేం చూడ్డానికి వెళ్లిన నీటి శుద్ధి కేంద్రం గురించి చాలామంది రాసింది ఒక్క ముక్క: 'అక్కడ పెద్ద పెద్ద తొట్లు ఉన్నాయి.' తొమ్మిదో తరగతికి రసాయనశాస్త్రం చెప్పే టీచర్ని, ఆ పుస్తకాలు దిద్దుతుంటే నాకే సిగ్గేసింది. పిల్లల్ని అనడానికేం లేదు. 45 మందిని ఒకే గుంపుగా తోలుకెళ్లాను. మోటార్ల హోరులో గైడు చెప్పింది ముందున్న పదిమందికి వినపడి ఉంటే గొప్ప.

మరుసటి ఏడు పిల్లలకంటే ముందు నేనొక్కదాన్నే వెళ్లాను. ల్యాబ్‌లో ఉండే కెమిస్టు మొహమాటం లేని మనిషి. "కిందటేడు మీవాళ్లు రెయిలింగుల మీద వాలుతుంటే గుండె గుప్పిట్లో పెట్టుకుని నిలబడ్డాం మేడమ్" అన్నారు. క్షమాపణ చెప్పి, మావల్ల మీకేమైనా పనికొచ్చేది ఉందా సార్ అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, "పైపులైను చివర ఉన్న కుళాయిల్లో క్లోరిన్ ఎంత మిగులుతోందో మాకు సరిగ్గా తెలియడం లేదు. మేం తీసే శాంపిళ్లు కొన్నే. మీ పిల్లలు అన్ని వీధుల నుంచీ వస్తారుగా?" అన్నారు. ఆ మాటతో నాకు సగం పని అయిపోయింది.

మిగతాదంతా కాగితాల పని: హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు, ప్రథమ చికిత్స పెట్టె. పదిహేనుమందికి ఒక పెద్దమనిషి చొప్పున తోడు. ఉబ్బసం ఉన్న పిల్లలెవరో ముందే రాయించుకున్నాను. క్లోరిన్ సిలిండర్ల గది వైపు ఎవరినీ పోనివ్వకూడదని తీర్మానం.

పిల్లల్ని సిద్ధం చేయడానికి మాత్రం వారం పట్టింది. నీర్ ఓరియన్, ఏవి హాఫ్‌స్టీన్ అనే ఇజ్రాయెల్ పరిశోధకులు 1994లో ఒక మాట రాశారు: కొత్త చోటు, కొత్త విషయం, ఏం జరుగుతుందో తెలియని తికమక, ఈ మూడూ ఒకేసారి మీద పడితే పిల్లల బుర్రలో చదువుకు చోటుండదని. మా మొదటి ప్రయాణం సరిగ్గా అదే. అందుకని ఈసారి ఎక్కడ దిగుతాం, ఎంతసేపు నడుస్తాం, భోజనం ఎప్పుడు, బాత్రూములెక్కడ, అన్నీ బోర్డు మీద పటం వేసి చెప్పాను. క్లాసులోనే బురద నీళ్లలో పటిక కలిపి చూపించాను. మట్టి రేణువులన్నిటికీ రుణావేశం ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటూ తేలుతూనే ఉంటాయని, పటికలోని అల్యూమినియం ఆ నెట్టుడును చంపేస్తే కలిసి గుబ్బలు కట్టి అడుక్కి దిగుతాయని అక్కడే తేలిపోయింది. వాళ్లు కేంద్రానికి తీసుకెళ్లిన ప్రశ్న ఒక్కటే: ఈరోజు వచ్చిన నీళ్లకు పటిక ఎంత వేయాలి?

మూడు జట్లుగా వెళ్లాం. ల్యాబ్‌లో ఆరు బీకర్లు వరసగా, పైన తిరిగే ఆరు చిలుకుల కవ్వాల్లాంటి యంత్రం. లీటరుకు 10 మిల్లీగ్రాముల నుంచి 60 దాకా ఒక్కో బీకరులో ఒక్కో మోతాదు. ఒక నిమిషం గబగబా తిప్పారు, తర్వాత పావుగంట నెమ్మదిగా. ఎక్కువమంది 60 మీద పందెం కాశారు. ఎక్కువేస్తే ఎక్కువ తేటపడుతుందనే కదా ఎవరైనా అనుకునేది. యంత్రం ఆగాక అరగంట గడిచేసరికి 30 బీకరులో నీళ్ల వెనక పెట్టిన అక్షరాలు చదవగలిగాం. 60లోవి కూడా అంతే తేటగా ఉన్నాయి, అంతకు మించి ఏమీ లేదు. "మరి ఆ మిగతా సగం ఎక్కడికి పోయింది సార్?" అని ఒకమ్మాయి అడిగింది. "మడ్డి పెరుగుతుంది, పీహెచ్ పడిపోతుంది, డబ్బు దండగ" అన్నారాయన. ఎక్కువ కాసిన పిల్లాడొకడు బీకరు వైపు చూడ్డం మానేశాడు.

కెమిస్టుగారు అడిగిన పని తర్వాత మొదలైంది. శాంపిల్లో డీపీడీ మాత్ర వేస్తే క్లోరిన్ ఉన్నంత మేర గులాబి రంగు వస్తుంది. దాన్ని రంగుల చార్టుతో పోల్చి చూడాలి. కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. రెండు వారాలు పిల్లలు తమ ఇళ్ల కుళాయిలు పరీక్షించి పట్టిక నింపారు.

అన్నిటికంటే తక్కువ వచ్చింది మా బడి వరండా కుళాయిలోనే. బుధవారం 0.3, సోమవారం పొద్దున సున్నా. మళ్లీ తీశారు, మళ్లీ సున్నా. సెలవు రెండు రోజులూ నీళ్లు ట్యాంకులో కదలకుండా నిలవుంటాయి, క్లోరిన్ కాస్తా అయిపోతుంది. ఈ మాట పిల్లలే పట్టుకున్నారు. పట్టిక చూసి హెడ్మాస్టర్ మొదట నొచ్చుకున్నారు, "ఇది బయటికి పంపాలా?" అన్నారు. పంపాలనే అన్నాను. ట్యాంకు కడిగించారు, తర్వాతి సోమవారం కూడా రంగు అంతంతమాత్రమే. పాత నీళ్లు వదిలేసి కొత్తవి పట్టడం మొదలుపెట్టాకే గులాబి కనిపించింది.

ఆ పట్టిక చూడ్డానికి కెమిస్టుగారు స్వయంగా మా క్లాసుకొచ్చారు. పైపు చివరి వీధుల అంకెల దగ్గర ఆగి, రెండుచోట్ల మళ్లీ తీయమన్నారు. ఇప్పుడు సోమవారం పొద్దుటి పని కొత్త తొమ్మిదో తరగతి వాళ్లది. మొన్న వెళ్లి చూస్తే ఇద్దరు ట్యూబు వెలుతురుకెత్తి, అది 0.2 గులాబా 0.3 గులాబా అని గట్టిగానే తగువులాడుకుంటున్నారు.