జ్వరం తగ్గాక కాళ్లు లేవలేదు

నిరుడు వానాకాలంలో నాకు న్యుమోనియా వచ్చింది. అప్పటికి 68 ఏళ్లు. రాజమండ్రిలోనే ఆసుపత్రిలో చేరాను. మందులు పనిచేశాయి, ఎక్స్‌రే చూసి డాక్టరుగారు ఇంటికి పంపేశారు. అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. కమోడ్ మీద కూర్చుంటే లేవలేకపోయేదాన్ని. గోడకున్న రాడ్డు పట్టుకుని ఎలాగో లేచినా తొడలు వణికిపోయేవి. ఒకరోజు గడప తగిలి ముందుకు తూలాను. రెండో కాలు ముందుకు వేసి నిలదొక్కుకోవాలని తెలుస్తూనే ఉంది, కాలు మాత్రం సమయానికి కదల్లేదు. కోడలు పక్కనే ఉండి పట్టుకోబట్టి తుంటి ఎముక విరగలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట. "వయసు మీద పడింది కదా వదినా, ఇంక కూర్చో." మా ఇంట్లో కూడా అంతే. అబ్బాయి మంచం దగ్గరికే కాఫీ తెచ్చేవాడు, కోడలు నన్ను వంటింట్లోకి అడుగు పెట్టనిచ్చేది కాదు. ఇలా కూర్చోబెట్టడం వల్లే కాళ్లు ఇంకా నీరసిస్తున్నాయని ఫిజియోథెరపిస్ట్ చెబితే ఇద్దరూ చాలా బాధపడ్డారు. నాకూ ఆశ్చర్యంగానే ఉంది. 2007లో అమెరికాలో, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే, ఒక్క కాళ్లలోనే కిలోకి దగ్గరగా కండ తగ్గిందట. నాకు పైన జ్వరం కూడా, తిండి సయించని రోజులు కూడా.

ఫిజియో అమ్మాయి చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోమంది. దానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ బలహీనపడిందేమో చూడాలని ఆసియా దేశాల నిపుణులు 2019లో చెప్పారు. నేను మధ్యలోనే ఆగిపోయాను.

ఆ రోజు ఆమె చెప్పిన విషయం పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ తెలియాలని నా కోరిక. కాలికి బలం ఉండడం వేరు, ఆ బలం అవసరమైన క్షణంలో చటుక్కున అందడం వేరు. వయసుతో ఈ రెండోదే ముందుగా, ఎక్కువగా తగ్గుతుంది. ఎందుకంటే కండలో వేగంగా బిగుసుకునే పోగులే ముందు సన్నబడతాయి. గడప దగ్గర నాకు జరిగింది అదే. రోజూ నెమ్మదిగా నడిచేవాళ్లు కూడా తూలినప్పుడు పడిపోవడానికి ఇదో కారణం. నడక మంచిదే, కానీ ఈ పోగులకు నెమ్మది నడక చాలదు.

మంచాన ఉన్నన్నాళ్లూ నా షుగర్ కూడా అదుపు తప్పింది. జ్వరం ఒక కారణం. తిన్నదాంట్లోని చక్కెరను ఎక్కువగా వాడుకునేది కండరాలే, కదలకపోతే అవి దాన్ని తీసుకోవడం తగ్గిస్తాయి. ఒంట్లో పెద్ద కండలేమో తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి.

కుర్చీతోనే మొదలుపెట్టాం. మొదట దిండు వేసి ఎత్తు పెంచారు. "మెల్లగా కూర్చోండమ్మా, లేచేటప్పుడు మాత్రం గబుక్కున లేవండి" అనేది ఫిజియో అమ్మాయి. వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, తర్వాత మెట్లు, ఆ తర్వాత చీలమండలకు ఇసుక సంచులు. కళ్లు తిరిగితే పట్టుకోవడానికి మొదట్లో పక్కన ఎవరో ఒకరు ఉండేవారు. బీపీ, గుండె జబ్బు, మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు డాక్టరుని అడగకుండా ఇవి మొదలుపెట్టకండి.

తిండి కూడా మారింది. పొద్దున్న రెండు ఇడ్లీలు, కాస్త చట్నీతో సరిపెట్టుకునేదాన్ని, అందులో మాంసకృత్తులు తక్కువ. కిడ్నీలు బాగున్నాయని పరీక్ష చేసి చూశాకే, కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు తినమన్నారు డాక్టరుగారు. నా 58 కిలోలకి రోజుకి సుమారు 60 నుంచి 70 గ్రాములు. గుడ్డు, చేప, ముద్దపప్పు, పెరుగు, సాయంత్రం ఉడికించిన శనగలు. వ్యాయామం కంటే ఇదే నాకు కష్టమనిపించింది.

ఈ వయసులో కండ వస్తుందా అని నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. 1990లో బోస్టన్‌లో 90 ఏళ్ల వృద్ధుల చేత 8 వారాలు బరువులతో వ్యాయామం చేయిస్తే, తొడ కండరాల బలం సగటున 174 శాతం పెరిగిందని ఆ అమ్మాయే చెప్పింది. ఆ మాట నాకు మందులా పనిచేసింది.

ఇప్పుడు గోదావరి ఘాట్ మెట్లు రాడ్డు పట్టుకోకుండా ఎక్కుతున్నాను. వంటిల్లు మళ్లీ నా చేతికొచ్చింది. నేల మీద పీట వేసుకుని కూర్చుంటే మాత్రం చెయ్యి ఆనించకుండా లేవలేకపోతున్నాను. ఈ నెల నుంచి ఫిజియో నా చేత దాన్నే సాధన చేయిస్తోంది.