లిస్టు బయటికి పోతోందని చెప్పినందుకు

సర్కారు దగ్గరున్న మన డేటా బయటికి పోతోందని ముందుగా తెలిసేది కంప్యూటర్ ముందు కూర్చునే కాంట్రాక్టు ఆపరేటర్‌కే. ఆ తర్వాతే ఎవరికైనా. కానీ అతను నోరు విప్పితే నిలబెట్టే చట్టం మన దేశంలో అమల్లో లేదు. మా వైపు ఒకబ్బాయికి ఇలాగే జరిగింది, అప్పటినుంచి నాకు మనసు కుదురుగా లేదు, అందుకే రాస్తున్నాను.

మాది సిరొంచ, మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా. గోదావరి దాటితే కాళేశ్వరం. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. 2024లో రాష్ట్ర సర్కారు లాడ్కీ బహీణ్ పథకం కింద ఆడవాళ్లకు నెలకు 1,500 రూపాయలు ఇస్తామన్నప్పుడు అంతా సేతు కేంద్రాల (మన మీసేవ లాంటివి) ముందు లైన్లు కట్టారు. మరాఠీ ఫారం చదవలేని పెద్దమ్మలు ఆధార్, పాస్‌బుక్కు, ఫోను మూడూ ఆపరేటర్ చేతిలో పెట్టి "నువ్వే చూస్కో బిడ్డా" అన్నారు. వాళ్లకు వేరే దారి ఏముంది? ఇక్కడ ప్రైవసీ మొత్తం ఆ కుర్చీలో కూర్చున్న మనిషి నిజాయితీ మీదే ఆధారపడి ఉంది.

నేను చెప్పే అబ్బాయి ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ చేసేవాడు, ఏ ఆఫీసో రాయను. లబ్ధిదారుల పేర్లు, ఆధార్ నంబర్లు, ఖాతా నంబర్లు ఉన్న ఎక్సెల్ ఫైలు ఒకటి, ఆ పనితో సంబంధం లేనివాళ్లున్న వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంటే చూశాడు. పై సారుకు చెప్పాడు. "నీకెందుకు, నీ పని నువ్వు చూస్కో" అన్నారు. ఊరుకోకుండా కాగితం మీద రాసిచ్చాడు. గడువు అయ్యాక కాంట్రాక్టు మళ్లీ ఇవ్వలేదు, అంతే. ఉద్యోగం నుంచి తీసేసినట్టు ఎక్కడా కాగితం లేదు కాబట్టి కొట్లాడటానికి కూడా ఏమీ మిగల్లేదు. "అన్నా, నేను తప్పు చేసిన్నా?" అని అడిగాడు. చేయలేదు తమ్మీ, అన్నాను. దాంతో అతని ఇల్లు గడవదు కదా.

ఇలాంటివాళ్లను కాపాడటానికి 2014లో పార్లమెంటు విజిల్‌బ్లోయర్ల, అంటే లోపలి తప్పును బయటపెట్టేవాళ్ల, రక్షణ చట్టం చేసింది. రాష్ట్రపతి సంతకం కూడా అదే ఏడాది మే నెలలో అయిపోయింది. అమలు తేదీ చెప్తూ కేంద్రం గెజిట్‌లో ఇవ్వాల్సిన నోటిఫికేషన్ మాత్రం రాలేదు. పైగా 2015లో, సర్కారీ రహస్యాల చట్టం కిందికొచ్చే విషయాలు బయటపెడితే రక్షణ ఉండకుండా చేసే సవరణ బిల్లు తెచ్చారు. అది లోక్‌సభలో పాసై, తర్వాత మురిగిపోయింది.

పోనీ ఆ చట్టం రేపే అమల్లోకి వచ్చినా మా అబ్బాయికి పనికొస్తుందా? నాకు అనుమానమే. అందులో ఫిర్యాదుగా లెక్కకొచ్చేవి అవినీతి, సర్కారుకు నష్టమో ఎవరికో అక్రమ లాభమో కలిగేలా అధికార దుర్వినియోగం, ఉద్యోగి చేసిన క్రిమినల్ నేరం. లంచం ఎవరూ తినలేదు, ఖజానాకు రూపాయి నష్టం లేదు, వెయ్యిమంది ఆడవాళ్ల ఖాతా నంబర్లు మాత్రం వీధిన పడ్డాయి అంటే అది ఏ ఖానాలో రాస్తారు? 2023 డేటా రక్షణ చట్టంలో జాగ్రత్తలు తీసుకోని సంస్థకు 250 కోట్ల వరకు జరిమానా ఉంది, లోపలినుంచి హెచ్చరించిన ఉద్యోగికి రక్షణ ఇచ్చే సెక్షన్ లేదు. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన విజిల్‌బ్లోయర్ ఆదేశంలో వ్యక్తిగత డేటా, నెట్‌వర్క్ భద్రత అని పేరుపెట్టి మరీ చేర్చారు. మనవాళ్లు కూడా ఆ ఒక్క వాక్యం రాయొచ్చు.

చెప్పినవాళ్ల మీదికే కేసు రావడం మనకు కొత్త కాదు. 2018 జనవరిలో 500 రూపాయలకు ఆధార్ వివరాలు దొరుకుతున్నాయని ట్రిబ్యూన్ పత్రిక రాస్తే, ఆధార్ అథారిటీ ఫిర్యాదు మీద పోలీసులు పెట్టిన ఎఫ్ఐఆర్‌లో ఆ విలేకరి పేరు కూడా ఉంది. అంతకుముందు ఏడాది, 4 సర్కారీ పోర్టళ్లలో 13 కోట్లకు పైగా ఆధార్ నంబర్లు బాహాటంగా కనబడుతున్నాయని పరిశోధకులు రిపోర్టు ఇచ్చారు. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి చంద్రన్న బీమాది. పేరున్న పత్రికకే ఇట్లయితే సిరొంచ ఆపరేటర్ పరిస్థితి ఏమిటో చెప్పక్కర్లేదు.

మన దేశ డేటా మన చేతిలోనే ఉండాలని నాయకులందరూ అంటారు, నేనూ అదే కోరుకుంటాను. కానీ ఫైలు ఏ సర్వర్‌కు పోయింది, కాపీ ఎవరు తీసుకున్నారు అన్నది బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది? అమెరికాలో 2025 ఆగస్టులో సోషల్ సెక్యూరిటీ శాఖ ముఖ్య డేటా అధికారి చార్లెస్ బోర్జెస్, కోట్లాదిమంది వివరాల కాపీని సరైన పర్యవేక్షణ లేని క్లౌడ్‌లో పెట్టారని ఫిర్యాదు చేశాడు. ఆ కొద్దిరోజులకే ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చింది. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషికే!

ప్రస్తుతానికి మనకున్నది 2004లో కేంద్ర ప్రభుత్వం చేసిన తీర్మానం ఒక్కటే. రోడ్డు పనుల్లో అవినీతిని రాసిన ఇంజనీర్ సత్యేంద్ర దూబేను 2003లో గయలో చంపేశాక వచ్చింది. మూసిన కవరు మీద ప్రజాహిత వెల్లడి కింద ఫిర్యాదు అని రాసి, పేరు లోపల మాత్రమే పెట్టి కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు పంపాలి. పేరు గోప్యంగా ఉంచుతారు. కేంద్ర ఉద్యోగులెవరైనా చదువుతుంటే ఇది గుర్తుపెట్టుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులకు మాత్రం అది వర్తించదు. అంటే సేతు, తహసీల్, జిల్లా పరిషత్, మా పెద్దమ్మల కాగితాలుండే ఈ చోట్లన్నీ దాని బయటే. అందుకే ఈసారి మా ఎమ్మెల్యే ఊరికొస్తే నేను రోడ్డుతో పాటు ఇంకోటి కూడా అడుగుతాను: డేటా లీకు గురించి రాతపూర్వకంగా చెప్పిన కాంట్రాక్టు ఉద్యోగిని, విచారణ పూర్తయ్యేదాకా తీసేయకూడదని రాష్ట్రం ఒక జీఆర్ (సర్కారు ఉత్తర్వు) ఇవ్వాలి.