బస్తాలు లెక్కపెడితే చాలదు

మొన్న పొందూరు దగ్గర మా పొలం నుంచి ధాన్యం లోడు రోడ్డెక్కిస్తుంటే ట్రాక్టరు ముందు చక్రాలు జానెడు పైకి లేచాయి. స్టీరింగు ఎటు తిప్పినా పనిచేయలేదు. "బస్తాలన్నీ ముందుకే పేర్చీసావేట్రా!" అని మావయ్య కేకేశాడు. ఇప్పటికీ తలచుకుంటే గుండె దడే.

ఆ రాత్రే ట్రాలీ ఆర్‌సీ తీశాను. అందులో ఖాళీ బరువు, లోడుతో కలిపి మించకూడని బరువు రెండూ ఉంటాయి. ఆ తేడాయే మనం వేయదగ్గ సరుకు. మాది 80 కిలోల బస్తా, 50 వేస్తే 4 టన్నులు. ధాన్యంలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే కాటా వేయించాల్సిందే.

సర్దడం కూడా అంతే ముఖ్యం. ట్రాలీ ముందువైపు బరువెక్కువైతే ట్రాక్టరుకు తగిలించే హుక్ కిందికి నొక్కుకుని ట్రాక్టరు ముందుభాగం తేలిపోతుంది. వెనక ఎక్కువైతే హుక్ పైకి లేచి ట్రాలీ ఊగుతుంది. బ్రిటన్‌లో కార్లకు కారవాన్ (చక్రాల మీద నడిచే చిన్న ఇల్లులాంటి బండి) తగిలించి లాగేవాళ్లకూ ఇదే బాధ. కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం హుక్ మీద పడాలని, కొత్తవాళ్లయితే లోడుతో కలిపి కారవాన్ బరువు కారు బరువులో 85 శాతం దాటొద్దని అక్కడ చెబుతారు.

ఇప్పుడు ఇరుసు మీద మొదలుపెట్టి అటూ ఇటూ పేరుస్తున్నాం. రెండు ట్రిప్పులవుతోంది, డీజిల్ ఖర్చు పెరిగింది. పర్లేదు. మా అబ్బాయిని మడ్‌గార్డు మీద కూర్చోనివ్వడం కూడా మానేశాను.