మెట్ల కింద పాత బెంచీలు
2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులై పారినప్పటి నుంచి, మబ్బు పట్టిందంటే మా పాప బడి గురించే నాకు టెన్షన్. మొన్న పేరెంట్స్ మీటింగుకి వెళ్లి, మార్కులు తర్వాత చూద్దామని ముందు బిల్డింగంతా తిరిగాను. మెట్ల కింద విరిగిన బెంచీలు, పాత పేపర్ల కట్టలు, పక్కనే మెయిన్ స్విచ్ బోర్డు! పిల్లలు దిగాల్సిన దారి అదొక్కటే.

2004లో తమిళనాడులోని కుంభకోణం ఊళ్లో ఒక బడిలో 94 మంది పిల్లలు మంటలకు బలయ్యారు. వంటచోట పుట్టిన నిప్పు ఆకుల కప్పుకు అంటుకుంది. ప్రతి బడిలో మంటలార్పే పరికరాలు ఉండాలని 2009లో సుప్రీంకోర్టు చెప్పింది. మా పాప బడిలో మంటలార్పే సిలిండరైతే ఉంది, కానీ దాని గేజి ముల్లు ఎర్రగీత మీదుంది, అంటే లోపల ఒత్తిడి తగ్గిపోయింది.

"మేడమ్, ముందు ఇది నింపించండి. ఆ సామాను తీయించండి" అన్నాను. వరద నీళ్లు సంపులో కలిస్తే, కడిగి బ్లీచింగ్ వేశాకే వాడమని కూడా చెప్పాను. బెంచీలు వెంటనే తీయించారు. సిలిండరు సంగతి వచ్చే వారం మళ్లీ వెళ్లి అడుగుతాను.